దొర పక్కన కాకి

రంగప్ప వాకిట్లో పదిమంది నవ్వుతుంటే నేను తలవంచుకుని బయటికి వచ్చిన సంగతి పోయిన వారం చదివారు కదా. చదవనివాళ్ళకు నేనే చెబుతాను. ఇంకొకరు చెబితే ఉప్పూ కారం కలుపుతారు.

నా పేరు హుసేనమ్మ. ఆదోనిలో పరుపులు ఏకి కుడతాను. మా ఆయన రొమ్ముకు దూది పొట్టు పట్టి దగ్గుతో మూలన పడ్డాక దూది ఏకే విల్లు నేనే భుజానికెత్తాను. ఆడది విల్లు పట్టడమేమిటని మూతి విరిచినవాళ్ళ పరుపులే ముందు ఏకాను. నా తమ్ముడు ఖాదర్ వలి రంగప్ప జిన్నింగు మిల్లులో రాత్రి కాపలా. అమ్మ పోయేటప్పుడు వాడి చెయ్యి నా చేతిలో పెట్టి పోయింది. వాడికి ముల్లు గుచ్చుకుంటే నాకు నీళ్ళు తిరుగుతాయి, అంతే, ఇంకేం చెప్పను!

ఆషాఢంలో ఒక రాత్రి మిల్లు గోదాము తాళం పగలగొట్టి ఎవరో మోటార్లు ఎత్తుకుపోయారు. మిల్లులో కాపలాకు రంగప్ప జాతికుక్క కూడా ఉంది. రాజపాళెం జాతి మగకుక్క, నురుగు తెలుపు, గులాబీ ముక్కు. తెల్లదొర మాదిరి ఉందని దానికి 'దొర' అనే పేరు. బళ్ళారి కుక్కల ప్రదర్శనలో దానికి కప్పు వచ్చింది. ఆ దొర ఆ రాత్రి నోరు తెరవలేదు. ఇంకేముంది, ఊరంతా ఒకటే మాట. కప్పు గెలిచిన కుక్క అరవలేదంటే వచ్చినవాడు దానికి తెలిసినవాడే. తెలిసినవాడంటే రోజూ దానికి సంకటి పెట్టే ఖాదర్ వలి కాక ఇంకెవరు?

"ఆదివారం బెంగుళూరు షోకి పోతాండా. నేను తిరిగొచ్చే లోపల మోటార్లు యాడ దాచినాడో మీవోడు సెప్పకపోతే పోలీసోళ్ళకి అప్పజెప్తా. అందాకా కాపలా మాని యాడికీ పోగూడదు" అన్నాడు రంగప్ప.

నా తమ్ముడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. "అక్కా, నీ మీద ఒట్టు. దొర, కాకి రెండూ నా మంచం కాడనే పండుకోనుండె. యాదీ అరవలే. నాకేం తెల్సు?"

కాకి అంటే పక్షి కాదు. పగలు రంగప్ప ఇంట్లో, రాత్రి మిల్లులో తిరిగే నల్లటి ఊరకుక్క. అది ఎప్పుడూ దొర పక్కనే ఉంటుంది.

పోయిన సోమవారం రంగప్ప ఇంట్లో పరుపులు ఏకడానికి పోయాను. నా విల్లు మోగితే వీధి కుక్కలన్నీ లేచి మొరుగుతాయి. మా దూదేకులవాళ్ళకు పుట్టుకతో వచ్చిన మర్యాద అది. ఆ రోజు కూడా మొరిగాయి. దొర మాత్రం నాకు వీపు పెట్టి రెండు మూరల దూరంలో పడుకుని చెవి కూడా కదపలేదు. విల్లు పక్కన పడేసి "దొరకి చెవుడు! కుక్కకి చెవుడుంటే నా తమ్ముడు దొంగెట్లయితాడు?" అని అరిచాను. మిల్లు జనం మూగారు. రంగప్ప నవ్వుతూ దొర వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. దొర చటుక్కున లేచి నిలబడింది. అంతే, నా పరువు దూదిలా గాలికెగిరింది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ పంట కోసుకోవడానికే గురువారం ఎమ్మిగనూరు బస్సెక్కాను.

శ్రావణమాసం కదా, బస్సు నిండా ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి పోయి వస్తున్నవాళ్ళే. గుండ్లు, కొబ్బరి చిప్పలు, చంకలో నిద్రపోయే పిల్లలు. నా విల్లు ఎవరికో ఒకరికి తగులుతూనే ఉంది, వాళ్ళు నన్ను తిడుతూనే ఉన్నారు. నేనూ ఊరుకోలేదనుకోండి.

పొద్దున తమ్ముడికి గంజి తాగించి వచ్చాను. ఒళ్ళు కాలుతోందని బొంత కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. "యాడికి పోతాండావక్కా?" అని అడిగాడు. గూడూరులో పెళ్ళి పరుపులున్నాయని అబద్ధం చెప్పాను. ఎమ్మిగనూరు గఫూర్ సాబ్ దగ్గరికి పోతున్నానంటే వద్దంటాడేమోనని భయం. గఫూర్ సాబ్ అంటే ఒకప్పుడు లారీల మనిషి, తుపాకీ పట్టి వేటాడినవాడు, ఇప్పుడు జాతికుక్కలే లోకం. ఆయన దగ్గరున్న చాందినీ అనే ఆడకుక్కను రంగప్ప కుక్క దొరతో జతకట్టించారు. పిల్లలు పుట్టి రెండు నెలలైంది. తండ్రికి చెవుడైతే పిల్లల్లో ఒకదానికైనా ఉండదా? అదీ నా లెక్క. ఇంకొక అనుమానం కూడా కడుపులో ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. మోటార్లు మోయాలంటే బండి కావాలి. లారీలవాళ్ళతో ఇప్పటికీ గఫూర్ సాబ్‌కు స్నేహముంది.

బస్సులో నా ముందు సీటులో గుండు చేయించుకున్న ముసలాయన. కండక్టరు చెవి దగ్గర నోరుపెట్టి టికెట్టు టికెట్టు అని అరిచినా తల తిప్పలేదు. కోడలే తీసుకుంది టికెట్టు. వాళ్ళ ఊరొచ్చింది. కండక్టరు మళ్ళీ అరిచాడు, ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పక్కన కోడలు లేచింది. ఆమె కొంగు కదలగానే ఆయనా చటుక్కున లేచాడు.

నేను సీటులోంచి లేచి నిలబడ్డాను. "ఇది నీ ఊరు కాదు గదమ్మా!" అని కండక్టరు కసిరాడు. వాడికేం తెలుసు! రంగప్ప చప్పట్లు కొట్టినప్పుడు దొర పక్కన కాకి ఉంది. నేను ముందు విల్లు మోగించినప్పుడు కాకి పెరట్లో అంట్లగిన్నెల దగ్గర మెతుకులు తింటోంది. నా అరుపులకు వచ్చి దొర పక్కన పడుకుంది. చప్పట్లకు లేచింది కాకి. కాకి లేచిందని లేచింది దొర. బెంగుళూరు దాకా కుక్కను తీసుకుపోయే షోకిలా మనిషి, ఇంట్లో ఒక ఊరకుక్కకు అంత మర్యాద ఎందుకు చేస్తున్నాడా అని నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. ఇప్పుడు తెలిసింది. అల్లా, నా కళ్ళు ఎక్కడ పెట్టుకున్నాను!

గఫూర్ సాబ్ ఇల్లు మగ్గాల వీధి చివర. గేటు తీయకుండానే కమ్మీల సందులోంచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. తెల్లగడ్డం, మెడలో రుమాలు, చేతిలో కుక్కల గిన్నె.

"ఎవరు పంపినారు నిన్ను?"

"పరుపులు ఏకేదాన్ని ఎవరు పంపుతారు సాబ్? కడుపు పంపుతాది."

"ఆదోనినుంచి ఈడిదాకానా? ఈ ఊర్లో దూదేకులోళ్ళు కరువైనారా?"

ఆదోని అని నేను చెప్పలేదు. అది గుర్తు పెట్టుకున్నాను. "ఉండారు. విల్లు పట్టే ఆడది లేదు. జనానాలోకి మగోళ్ళని పంపిస్తారా మీరు?"

లోపలినుంచి ఆయన భార్య అమీనా బీ గొంతు వినిపించింది. "రానీయండి! ఆ పరుపు మీద పండుకుంటే రాళ్ళ మీద పండుకున్నట్టుండాది. కుక్కలకి మెత్తటి గోనెలేస్తారు, నాకు మాత్రం గడ్డలు!"

గేటు తెరుచుకుంది. కానీ ఆయన కళ్ళు నా విల్లును వదల్లేదు.

కుక్కలు ఉండేది వీధివైపు రేకుల కొట్టంలో. నమాజు చేసే ఇంట్లోకి కుక్క అడుగు పడకూడదని అమీనా బీ గడప దగ్గర చీపురుకట్ట పెట్టుకుని కూర్చుంటుంది. గఫూర్ సాబ్ కూడా కాళ్ళూ చేతులూ కడుక్కుని, లుంగీ మార్చుకునిగాని గడప దాటకూడదు. "పొట్టు ఇంట్లోకి వస్తాదమ్మా, ఈడనే ఏకుతా" అని నేను కొట్టం పక్కనే చాప పరిచాను. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ఆయన మాత్రం "ఈడ వద్దు, పెరట్లోకి పో" అన్నాడు.

"ఎందుకు సాబ్?"

"పిల్లలు భయపడతాయి."

"వేటకుక్కల పిల్లలు విల్లుకి భయపడతాయా? అయితే మా ఇంటి మేకపిల్లే నయం" అన్నాను. అమీనా బీ లోపల కిసుక్కున నవ్వింది. ఆయన పళ్ళు కొరికి ఊరుకున్నాడు.

తడిక వెనక చాందినీ పడుకుని ఉంది. దాని పొట్టకు ఆనుకుని పిల్లలు. ఎంత ముద్దుగా ఉన్నాయో, కడిగిన బియ్యం కుప్ప పోసినట్టు! ఒక్కదానికి మాత్రం ఎడమ చెవి మీద గోధుమరంగు మచ్చ. నేను పరుపు విప్పి దూది గుట్ట వేశాను. విల్లు వేలాడగట్టి, కొట్టే కర్ర చేతిలోకి తీసుకున్నాను. మనసులో ఈరన్నకూ మొక్కాను, మా ఊరి దర్గాకూ మొక్కాను. ఎవరు దగ్గరుంటే వాళ్ళే వింటారని.

టంగ్.

వీధిలో కుక్కలు మొరిగాయి. చాందినీ తలెత్తింది. మచ్చపిల్ల ఎగిరి గంతేసి, నా వైపు చూసి, ఉన్నంత గొంతుతో కుయ్ మంది. ఒక తెల్లపిల్ల లేచి తల అటూ ఇటూ తిప్పింది. తక్కినవి నిద్రపోతూనే ఉన్నాయి. టంగ్, టటంగ్ అని దూది ఎగిరేలా కొట్టాను. ఒక దూది పింజ ఎగిరి పడుకున్న తెల్లపిల్ల ముక్కు మీద వాలింది. అప్పుడు ఉలిక్కిపడి లేచింది, పాపం. చప్పుడుకు లేవనిది పింజ తగిలితే లేచింది!

నా గుండె నా విల్లుకంటే గట్టిగా కొట్టుకుంది. ఇంకోసారి కర్ర ఎత్తాను. గఫూర్ సాబ్ వచ్చి విల్లుకు కట్టిన నరాన్ని పిడికిట్లో పట్టేశాడు.

"చాలు. ఆపు."

"ఏం సాబ్, పరుపు కాలేదు గదా?"

"నువ్వు పరుపుకి రాలేదు. ఖాదర్ వలి అక్కవి నువ్వు. గేటు కాడికి వచ్చినప్పుడే పోల్చినా. ఆ ముక్కూ, ఆ నోరూ అవే గదా." ఆయన గొంతు తగ్గించాడు. "రంగప్ప పంపినాడా? నా పిల్లల్లో ఎన్ని చెడినాయో సూసి రమ్మన్నాడా?"

నేను బిత్తరపోయాను. నేను ఆయన్ను దొంగల మనిషి అనుకుంటుంటే, ఆయన నన్ను రంగప్ప మనిషి అనుకుంటున్నాడు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం.

"రంగప్ప నన్నెందుకు పంపుతాడు సాబ్? నా తమ్ముణ్ణి జైలుకి పంపేవాడు నన్ను ఈడికి పంపుతాడా?"

"మరి ఎందుకొచ్చినావు?"

"దొర చెవిటిదని మీ నోటితో వినాలని వచ్చినా. ఒప్పుకోండి. ఈ పిల్లలకి ఆ చెవుడు వాళ్ళ నాయిన నుంచే వచ్చింది."

"చెవుడు లేదు, ఏమీ లేదు. మగ్గాల వీధి గదా, చప్పుడుకు అలవాటు పడినాయి."

"మచ్చపిల్ల మగ్గాల వీధిలో పుట్టలేదా? అది పుట్టింది గూడూరులోనా?"

గఫూర్ సాబ్ తడిక పట్టుకుని పిల్లల్ని చూశాడు. తర్వాత గోనె మీద చతికిలబడ్డాడు. నాకు జాలేసింది. కోపం తగ్గిందని కాదు, రెండూ ఒకేసారి వచ్చాయి.

"షోలో జడ్జీ ఏం సూస్తాడో తెల్సునా బేటీ?" అన్నాడు. "తెలుపు. ఒంటి మీద చుక్క ఉండగూడదు. ముక్కు గులాబీపువ్వు మాదిరి ఉండాల. ఆ తెలుపు కోసరం తెల్లదాన్ని తెల్లదానికే కడతాము. మళ్ళా దాని పిల్లని దానికే కట్టేవాళ్ళు గూడ ఉండారు. తెలుపు పెరిగేకొద్దీ చెవి చస్తాది. ఈ జాతి సాకేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. అందుకే చెవిటిదాన్ని జతకట్టగూడదని కట్టుబాటు. మా అబ్బాజాన్ ఆ కట్టుబాటు ఒక్కనాడూ తప్పలేదు."

"మీరు తప్పినారు."

"తప్పినా. కప్పు సూసి తప్పినా."

"దొర చెవిటిదని మీకు అప్పుడు తెలీదా?"

"బళ్ళారిలోనే అనుమానం వచ్చె. షో అయిపోయినాక ఆడ ఒక పరీక్ష పెడతారు, కుక్కల పక్కన ఔట్లు పేలుస్తారు. బెదరని కుక్కకి ధైర్యం కప్పు. తక్కినవన్నీ గొలుసులు తెంపుకోని ఉరికినాయి. దొర రెప్ప గూడ వాల్చలేదు. జనం సీటీలు కొట్టినారు. నేను సూస్తాండా, ఎంత ధైర్యమున్న కుక్కయినా చప్పుడొచ్చిన దిక్కు చెవి తిప్పుతాది. విని నిలబడితే గదా ధైర్యం! వినకుండా నిలబడితే అదేం ధైర్యం?"

చెవుడికి కప్పు ఇచ్చారు! చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎవరైనా శంఖం ఊదినవాణ్ణి చూసి నవ్వుతారు. మా వాళ్ళు చెవిటివాడికి దండ వేశారు. ఆ దండ చూసే ఊరంతా నా తమ్ముడి మెడకు తాడు పేనుతోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"తెలిసీ చాందినీని ఎందుకు కట్టినారు?"

"అనుమానమే గదా, కాకపోవచ్చునని నాకు నేనే సెప్పుకున్నా. రంగప్ప గూడ ప్రమాణం చేసినాడు. ఇప్పుడు పిల్లలు ఇట్లయినాక ఊరూరా ఏమంటాండాడో తెల్సా? లోపం దొరది కాదంట, నా చాందినీ రక్తం చెడ్డదంట!" ముసలాయన పిడికిలి బిగిసింది. "నా చాందినీ గోడ అవతల పిల్లి నడిస్తే లేస్తాది!"

"శనివారం పిల్లల్ని కొనేవాళ్ళొస్తారని ఆదోనిలో విన్నా."

"బెంగుళూరు ఆసామి. ముందు ఈడ పిల్లల్ని సూసుకోని, ఆదివారం షోలో దొరని సూస్తాడు."

"ఆయన చప్పట్లు కొడితే ఈ పిల్లలు లేస్తాయా సాబ్?"

మచ్చపిల్ల తడిక సందులోంచి మూతి దూర్చి నా వేళ్ళు నాకుతోంది. దాన్ని కొనేవాళ్ళు లేరట, ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తాడట. చెవులున్నదానికి షోలో చోటు లేదు. ఇదేం లోకమో, ఇదేం షోకో!

"కాకి లేస్తే లేస్తాయి" అన్నాను నేను. ఊరికే రాయి విసిరాను, అంతే.

గఫూర్ సాబ్ ముఖం దూదిలా పాలిపోయింది. "ఆ సంగతి నీకెవరు సెప్పినారు?"

"ఎవరూ సెప్పలేదు. దొర కాకిని సూసి లేస్తాదని నా కళ్ళతో సూసినా. సాబ్, నాకు ఒక్కటే కావల్ల. రేపు శుక్రవారం నమాజయినాక ఆదోనిలో బజారు పెద్దలు కూర్చుంటారు. ఆడికొచ్చి దొర చెవిటిదని ఒక్క మాట సెప్పండి. మీ మాటయితే ఎవరూ నవ్వరు. నా తమ్ముడు బతుకుతాడు."

"దొర చెవిటిదే. కానీ రోజూ రాత్రి మిల్లులో కాకి గూడ ఉంటాది గదా" అన్నాడు ఆయన నెమ్మదిగా, నా కళ్ళలోకి చూడకుండా. "దొర వినకపోతే ఏమి? కాకి వింటాది. కాకి అరిస్తే దొర అరుస్తాది. ఆ రాత్రి కాకి ఎందుకు అరవలేదని పెద్దలు అడిగితే?"

నిజమే కదా! ఇంత దూరం వచ్చి నేను ఈ ఒక్కటి ఆలోచించలేదు. కాకికి చెవులు ఉన్నాయి. కాకి నా తమ్ముడి మంచం దగ్గరే పడుకుని ఉందని వాడే చెప్పాడు. మరి అది ఎందుకు మొరగలేదు?

"యా నల్లకుక్క? ఆ ఏడుపుగొట్టుదా?" అమీనా బీ గడపలోంచి తల బయటపెట్టింది. ఇంతసేపూ అన్నీ వింటూనే ఉందన్నమాట. "అది ఈడనే ఉండె గదా ఆ రాత్రి! మా చెల్లెలు వచ్చిన పొద్దు. రాత్రంతా ఏడ్చి ఏడ్చి ఒక్కరినీ నిద్రపోనీలేదు. తెల్లారినాక ఆదోనిలో మిల్లు దోచినారని పాలాయన సెప్పె. మీరు మర్చిపోయినారా ఏమి?"

"అమీనా!" గఫూర్ సాబ్ కేక పెట్టాడు. చాందినీ లేచింది, మచ్చపిల్ల లేచింది. తెల్లపిల్లలు అమ్మ లేచిందని లేచాయి.

నేను విల్లు గోడకు ఆనించి ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "కాకి ఈడెందుకుండె సాబ్?"

ఆయన ఇక దాచలేదు. సగం బయటపడ్డాక దాచడానికేముంది? పిల్లల చెవుడు బెంగుళూరు ఆసామికి తెలియకూడదు. చప్పుడుకు లేచే కుక్క ఒకటి పక్కనుంటే దాన్ని చూసి పిల్లలు లేస్తాయి. అందుకు చాందినీయే చాలదా అంటే, తల్లిని దూరంగా కట్టెయ్యమంటారు కొనేవాళ్ళు. అందుకని కాకిని తెచ్చి పిల్లలకు అలవాటు చేయాలన్నది ఆలోచన.

"ఆలోచన ఎవరిది?"

"ఎవరిదైతేనేమి, నేను ఒప్పుకున్నా. సిగ్గుతో సస్తాండా."

"తెచ్చిందెవరు?"

ఆయన పైకి చూశాడు. ఆ చూపులో నన్ను అడ్డుకోవాలని ఉంది. ఇక అడగొద్దు, పో అని ఉంది. నేను వినిపించుకుంటేనా!

"తెచ్చిందెవరు సాబ్?"

"నీ తమ్ముడే బేటీ. ఆ పొద్దు మైటాల, చీకటి పడకముందే, సైకిలు మీద గోనెసంచిలో వేసుకోనొచ్చినాడు. పొద్దున్నే వచ్చి తీసుకోనిపోతానన్నాడు, అట్లనే తీసుకోనిపోయినాడు. రంగప్పన్న పంపినాడని సెప్పినాడు. తర్వాత రంగప్పని అడిగితే, నేనెప్పుడు పంపినా అని నా మీదనే లేసినాడు. ఇద్దర్లో ఎవరు అబద్ధమో నాకు తెలీదు."

నేను అక్కడే కూలబడ్డాను. దొర, కాకి రెండూ నా మంచం కాడనే పండుకోనుండె అక్కా. నీ మీద ఒట్టు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ చెయ్యి బరువు ఇంకా నా నెత్తి మీదే ఉంది.

రంగప్పే పంపి ఉండవచ్చు. షో దగ్గరపడుతుంటే కుక్కల మోసం బయటపడుతుందని ఇప్పుడు కాదంటుండవచ్చు. అలా అయితే నా తమ్ముడు నాతో ఆ మాట ఎందుకు చెప్పలేదు? అక్కా, ఆ రాత్రి కాకి లేదు, అంటే సరిపోయేది కదా! యజమాని భయమా? లేక దొర ఒక్కటే ఉంటే ఎవరొచ్చినా అరవదని వాడికి ముందే తెలుసా? ఛీ, నా మనసు ఎంత పాడుది, అని ఒకసారి నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్ళీ అదే మనసు అదే చోటికి వచ్చి నిలబడింది.

అమీనా బీ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చెంబు పక్కన పెట్టేశాను.

"నేను వస్తా" అన్నాడు గఫూర్ సాబ్. "రేపు పెద్దల ముందర నిలబడి దొర చెవిటిదని సెప్తా. నా పిల్లల్ని కొనేవాళ్ళు లేకపోయినా సరే. ముసలితనంలో ఈ మోసం మోయలేను. కానీ హుసేనమ్మా, సెప్తే రెండూ సెప్తా. దొర వినదనీ సెప్తా, వినే కుక్కని ఆ రాత్రి ఈడికి తెచ్చిందెవరో గూడ సెప్తా. ఒకటి సెప్పి ఒకటి దాచమంటే నా నోరు రాదు. ఏమంటావు?"

మింగలేక కక్కలేక అంటారే, అదేమిటో ఆ రోజే తెలిసింది. ఏ మాట కోసం బస్సులో తిట్లు తిని వచ్చానో ఆ మాట నా చేతికి అందింది. దాన్ని వాడితే దొర కప్పు పోతుంది, రంగప్ప గొప్ప పోతుంది. దాని తోకకు కట్టుకుని నా తమ్ముడూ పోతాడు. వాడకపోతే ఆదివారం తర్వాత ఎలాగూ పోతాడు.

"మా ఇంటికి పోయి వాణ్ణి అడిగి వస్తా సాబ్" అన్నాను. "జ్వరంతో పడున్నాడు. వాడి ముఖం సూసి అడుగుతా. నాతో అబద్ధం సెప్పలేడు."

ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, నాతో అబద్ధం చెప్పగలడని. చెప్పాడు కదా.

లేచి కొంగు దులుపుకుని విల్లు భుజానికెత్తాను. పరుపు సగం ఏకి వదిలేశానని అమీనా బీ సణుగుతోంది. అప్పుడు గేటు అవతల సైకిలు గంట మోగింది.

మచ్చపిల్ల మొరిగింది. చాందినీ మొరగలేదు, తోక ఊపింది. అలవాటైన గంట కాబోలు.

గఫూర్ సాబ్ గేటు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. కమ్మీల సందులోంచి నాకు సైకిలు హ్యాండిలు, దానికి చుట్టిన ఎర్రదారం కనిపించాయి. ఆ దారం చుట్టింది నేనే, పోయిన పీర్ల పండగకు. పొద్దున బొంత కప్పుకుని గోడవైపు తిరిగి మూలిగిన నా తమ్ముడు గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. మొహం నిండా దుమ్ము, చెమట. జ్వరం ఛాయ కూడా లేదు.

వెనక క్యారియరు మీద గోనెసంచి. సంచి కదులుతోంది.

"సాబ్, ఈ పొద్దు గూడ రేపు పొద్దునదాకా ఈడనే..." అంటూ సంచి మూతి విప్పాడు. కాకి దూకి కొట్టం వైపు పరిగెత్తింది. దాన్ని చూసి తెల్లపిల్లలన్నీ లేచాయి. అప్పుడు వాడు తల తిప్పి నన్ను చూశాడు. వాడి చేతిలోంచి సంచి జారిపోయింది.

"అక్కా... నువ్వు గూడూరు..."

"ఖాదరూ" అన్నాను. అరవలేదు. నా బతుకులో అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "కాకి ఈడుంటే, ఈ రాత్రి మిల్లులో దొర పక్కన ఎవరుంటార్రా?"